కొత్త స్పీకర్లు పెట్టాక కారులో బేస్ ఎందుకు తగ్గింది? తీసేసిన పాతవి బోటులో బిగించొచ్చా?

మీరు అడిగింది రెండు ముక్కలు. స్విఫ్ట్ ముందు డోర్లలో కంపెనీ స్పీకర్లు తీయించి 6.5 అంగుళాల కాంపొనెంట్ సెట్ (పెద్ద స్పీకరూ, సన్న సౌండ్ల కోసం చిన్న ట్వీటరూ విడివిడిగా ఉండేది) పెట్టించారు. పాటలో గొంతు బాగా విడిగా వినిపిస్తోంది కానీ బేస్ మునుపటికన్నా తగ్గింది, సౌండ్ పెంచితే డోరు గడగడలాడుతోంది. షాపు వాళ్లేమో ఆంప్లిఫయర్ వేస్తే అంతా సర్దుకుంటుంది అంటున్నారు. రెండోది, మీ బాబాయి గారికి గోదావరిలో టూరిస్టు బోటు ఉంది, ఇంట్లో పడి ఉన్న పాత స్పీకర్లనీ ఒక కారు ఆంప్లిఫయర్‌నీ అందులో బిగించొచ్చా అని.

ముందు సూటిగా జవాబు. కారుకి ఆంప్లిఫయర్ ఇప్పుడే కొనకండి. మీ స్పీకర్లు బాగానే ఉండి ఉంటాయి, బిగించిన తీరులోనే తేడా ఉంది. స్పీకర్ ముందు గాలికీ వెనక గాలికీ మధ్య సందు లేకుండా మూస్తే, గట్టి రింగు మీద కదలకుండా కూర్చోబెడితే, బేస్ దానంతటదే తిరిగొస్తుంది. బోటుకి ఆ పాత స్పీకర్లు వద్దు. ఆంప్లిఫయర్ వాడుకోవచ్చు, కానీ కారులో కలిపినట్టు కలపకూడదు. ఎందుకో కింద చెబుతాను. నేను కాకినాడలో కారు ఆడియో పని చేస్తాను, హార్బర్‌లో వేట బోట్లకీ, గోదావరిలో తిరిగే బోట్లకీ కూడా చేస్తుంటాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఐదు నిమిషాల పరీక్ష

ఏమీ విప్పకముందే స్టీరియోలో బాలెన్స్‌ని పూర్తిగా ఎడమకి తిప్పి బేస్ ఉన్న పాట వినండి. తర్వాత పూర్తిగా కుడికి తిప్పి వినండి. ఆ తర్వాత మధ్యలో పెట్టండి. ఒక పక్క మాత్రమే మోగుతున్నప్పుడు బేస్ నిండుగా ఉండి, మధ్యలోకి రాగానే పల్చబడిపోతే రెండు డోర్లలో ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. ఒక స్పీకర్ కోన్ (ముందు కనిపించే, కదిలే గరాటులాంటి భాగం) బయటికి తోస్తుంటే రెండోదానిది లోపలికి లాగుతోంది, ఒకదాని బేస్‌ని ఇంకొకటి మింగేస్తోంది. చాలా షాపుల్లో కంపెనీ వైరు సాకెట్ కోసేసి, రంగులు అందాజుగా చూసి ముడివేస్తారు. అక్కడే ఇది జరుగుతుంది.

తేల్చుకోవాలంటే స్పీకర్ వైర్లు స్టీరియో నుంచి ఊడదీసి, మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ఆ రెండు కొసలకీ ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ తాకిన వైరు స్పీకర్ ప్లస్‌దే అయితే కోన్ బయటికి కదులుతుంది. రెండు డోర్లూ ఒకే రకంగా కదలాలి. ట్వీటర్ల మీద మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, వాటి వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) వెంట్రుకంత సన్నగా ఉంటుంది. స్టీరియోకి వైర్లు తగిలించి ఉండగా కూడా చేయొద్దు.

బాలెన్స్ పరీక్షలో తేడా ఏమీ కనిపించకపోతే అప్పుడు డోర్ ప్యాడ్ (డోరుకి లోపలివైపు ఉండే ప్లాస్టిక్ తొడుగు) విప్పాల్సిందే.

డోరు లోపల జరుగుతున్నది

స్పీకర్ కోన్ ముందుకి తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. ఈ రెండూ కలిసే దారి ఉంటే బేస్ అక్కడికక్కడే చెల్లిపోతుంది. హై నోట్లకి తరంగం పొట్టిది కాబట్టి వాటికి పెద్దగా నష్టం ఉండదు, దెబ్బంతా కింది సౌండ్లకే. ఒక చిన్న ప్రయోగం చేస్తే మీకే తెలుస్తుంది: మీ దగ్గరున్న పాత స్పీకర్‌ని చేత్తో గాల్లో పట్టుకుని మోగించండి, డబ్బా రేడియోలా కీచుమంటుంది. అదే స్పీకర్‌ని మధ్యలో రంధ్రం కోసిన పెద్ద అట్టముక్క మీద ఆనించి మోగించండి. బేస్ ఎక్కడినుంచి వచ్చిందా అనిపిస్తుంది.

కంపెనీ స్పీకర్ ఖరీదు తక్కువే, కోన్ కాగితమే, అయస్కాంతం చిన్నదే. కానీ దాని ప్లాస్టిక్ ఫ్రేము ఆ డోరు కోసమే పోతపోసింది. వెనక అంచు డోరు రేకుకి సరిగ్గా అతుక్కుంటుంది, ముందు అంచు మీద ఉన్న స్పాంజి పట్టీ డోర్ ప్యాడ్ జాలీకి ఆనుకుంటుంది. సౌండంతా జాలీలోంచి బయటికే వస్తుంది, ప్యాడ్ వెనక్కి జారదు. మీకు పెట్టిన కొత్త స్పీకర్ ఫ్రేము గుండ్రంగా, పల్చగా ఉంటుంది. దాన్ని ఆ పెద్ద రంధ్రం మీద రెండు మూడు స్క్రూలతో బిగించేస్తే చుట్టూ వేలు పట్టేంత సందులు మిగులుతాయి. పైగా జాలీకి అంగుళం వెనక ఉండిపోతుంది. సగం సౌండు ప్యాడ్ వెనకే తిరిగి, ఆ ప్యాడ్‌నే అదరగొడుతుంది. మీరు వింటున్న గడగడలో ఎక్కువ భాగం అదే అయి ఉంటుంది.

దీనికి విరుగుడు స్పేసర్ రింగు, అంటే రేకుకీ స్పీకర్‌కీ మధ్య పెట్టే మందపాటి రింగు. మీ కారు మోడల్‌కి తయారుగా దొరికే ప్లాస్టిక్ అడాప్టర్లు ఉన్నాయి, లేదంటే కోయించుకోవచ్చు. చెక్క షాపులో ఎండీఎఫ్ (చెక్కపొట్టుని నొక్కి చేసిన బోర్డు) చవగ్గా దొరుకుతుంది, కోయడమూ తేలిక, అందుకే అందరూ అదే వాడతారు. నేను మాత్రం డోరులో పచ్చి ఎండీఎఫ్ పెట్టను. డోరు లోపల తడి ప్రాంతం. వాన నీళ్లు అద్దం వెంట లోపలికి దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవడం కంపెనీ వాడు పెట్టిన ఏర్పాటే. ఎండీఎఫ్‌కి తడి తగిలిందంటే మరమరాల్లా ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్, పీవీసీ బోర్డు, లేదా అంచులకి బాగా ఎపాక్సీ పట్టించిన మెరైన్ ప్లై వాడండి. 15 నుంచి 18 మిల్లీమీటర్ల మందం చాలావరకు సరిపోతుంది.

మందం ఎంచే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి కొలవాలి. చాలామంది అద్దం పైన ఉండగా కొలుస్తారు. స్పీకర్ పెట్టెమీద మౌంటింగ్ డెప్త్ అని రాసి ఉంటుంది, అది అయస్కాంతం వెనక అంచు వరకు ఉన్న లోతు. రేకు నుంచి దించిన అద్దం వరకు ఉన్న దూరానికి స్పేసర్ మందం కలిపితే వచ్చేదానికన్నా స్పీకర్ లోతు కనీసం 5 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. కిటికీ అద్దం దించేటప్పుడు ఊగుతుంది కాబట్టి ఆ మిగులు కావాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కారులో అద్దం ముప్పావు వరకు దిగి ఆగిపోయేది, ఓనరు మోటారు పోయిందనుకుని కొత్త మోటారు కూడా వేయించుకున్నాడు. విప్పి చూస్తే అయస్కాంతం అంచు మీద అద్దం కూర్చుంటోంది.

రింగుని రేకుకి, స్పీకర్‌ని రింగుకి బిగించేటప్పుడు మధ్యలో ఫోమ్ గాస్కెట్ టేపు వేయండి. నీళ్లు పీల్చే మామూలు స్పాంజి కాదు, నీళ్లు తాగని రకం. స్క్రూలని వరసగా చుట్టూ తిప్పకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, లేకపోతే ఫ్రేము వంకరపోయి కోన్ ఒక పక్కకి రాసుకుంటుంది. పల్చని రేకులో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ రెండుసార్లు తీసి పెడితే పట్టు పోతుంది. రివెట్ నట్టు వేసి ఎం5 బోల్టుతో బిగిస్తే పదేళ్లయినా కదలదు. స్క్రూ మొన అద్దం దారిలోకి పొడుచుకు వచ్చిందేమో కూడా టార్చి వేసి చూడండి. కంపెనీ స్పీకర్‌ని రివెట్లతో బిగించిన డోరైతే వాటిని డ్రిల్లుతో తొలిచి తీయాలి. ఆ రజను అయస్కాంతానికి అతుక్కోకుండా ముందే గుడ్డ అడ్డం పెట్టి, పని అయ్యాక ఊడ్చేయాలి. లోహపు రజను కాయిల్ సందులోకి వెళ్లిందంటే ఆ గరగర జన్మలో పోదు.

ఇక డోరు లోపలి రేకు. దానికి సర్వీసు కోసం పెద్ద పెద్ద రంధ్రాలు ఉంటాయి, వాటి మీద ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. వెనక గాలి ఆ రంధ్రాల్లోంచి కూడా ముందుకొస్తుంది. వాటిని అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ డ్యాంపింగ్ షీటుతో (రేకు అదురు తగ్గించే, అంటుకునే రబ్బరు షీటు) మూస్తే డోరు ఒక మూసిన పెట్టెలా పనిచేయడం మొదలుపెడుతుంది. రంధ్రం మరీ పెద్దదైతే షీటు ఒక్కటే ఊగుతుంది, కింద పల్చని ప్లాస్టిక్ లేదా అల్యూమినియం పలక పెట్టి దానిమీద అంటించాలి.

బయటి రేకు లోపలివైపు, అంటే స్పీకర్‌కి ఎదురుగా ఉన్న భాగంలో కూడా అదే షీటు అంటిస్తే రేకు మోత తగ్గుతుంది. డోరు మొత్తం కప్పేయాలని షాపుల్లో అంటారు, అది షీట్లు అమ్ముకోవడానికి. రేకు ఊపు చంపడానికి పావు వంతు కప్పినా చాలు, మధ్యభాగంలో గట్టిగా రోలరుతో నొక్కి అంటించడం ముఖ్యం. చవగ్గా దొరికే తారు షీట్లు మాత్రం వద్దు. మన మే నెల ఎండకి మెత్తబడి, జారి, డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలకి అడ్డం పడతాయి. అప్పుడు నీళ్లు లోపలే నిలిచి డోరు కింద అంచు తుప్పు పడుతుంది.

రెండు విషయాల్లో జాగ్రత్త. ఆ ప్లాస్టిక్ షీటుని చింపి పారేయకండి. అది నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపే తెర. స్పీకర్లు మార్పించుకున్న తర్వాతి వానల్లో ముందు కార్పెట్ తడిసిపోయిందని వచ్చే కార్లు నాకు ప్రతి ఏడూ తగులుతాయి, చాలావాటిలో కారణం ఈ షీటే. రెండోది ఎయిర్‌బ్యాగులు. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దితే కనిపెట్టడానికి డోరు లోపలి గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది. అది ఉన్న డోరులో రంధ్రాలు కొత్తగా కోయడం గానీ మూయడం గానీ కంపెనీ సర్వీసు వాళ్లని అడక్కుండా చేయొద్దు. అలాగే ట్వీటర్లని ముందు అద్దం పక్క స్తంభంలో పెట్టించాలనుకుంటే మీ వేరియంట్‌కి కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉందేమో చూసుకోండి. అది ఆ స్తంభం లోపలినుంచే విచ్చుకుంటుంది. దాని దారిలో స్క్రూతో బిగించిన ట్వీటర్ ఉంటే ప్రమాదం జరిగినప్పుడు అది మీ ముఖం మీదికే వస్తుంది. అద్దం మూలన ఉండే త్రికోణపు ప్లాస్టిక్ ముక్క ట్వీటర్‌కి మంచి చోటు.

వైరు గురించి ఎక్కువ చెప్పను. మీ స్టీరియో శక్తికి కంపెనీ వైరే చాలు. మోడల్‌కి సరిపోయే సాకెట్ అడాప్టర్ తెచ్చుకుంటే కోసే పనే లేదు. కొత్త వైరు లాగాల్సి వస్తే డోరుకీ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలోంచే తీయండి.

ఇప్పుడు గడగడ. డోర్ ప్యాడ్ పెట్టకముందే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 40 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ వెళ్లండి. ఏదో ఒక చోట ఏదో ఒకటి మోగుతుంది. టోన్‌ని అక్కడే మోగుతూ ఉండనిచ్చి, అరచేత్తో ఒక్కో భాగాన్నీ నొక్కుతూ పొండి, చెయ్యి పడగానే మోత ఆగిందంటే దొంగ దొరికినట్టే. ఎక్కువగా లాకు కడ్డీలు, వైరు క్లిప్పులు, ప్యాడ్ వెనక ప్లాస్టిక్ బొడిపెలు. కడ్డీకి ఫోమ్ టేపు చుట్టండి, గ్రీజు పూయకండి, దుమ్ము పడుతుంది. ప్యాడ్ క్లిప్పుల్లో విరిగినవి ఉంటే కొత్తవి వేయించండి, అవి రూపాయల్లో దొరుకుతాయి. క్లిప్పు లేని చోట డబుల్ టేపు పెట్టి పంపే షాపులు ఉన్నాయి, ఒక ఎండాకాలానికి అది ఊడుతుంది.

ఇదంతా చేశాక కూడా సౌండ్ చాలలేదంటే అప్పుడు ఆంప్లిఫయర్ గురించి ఆలోచించొచ్చు. స్టీరియో మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసి ఉంటుంది, నమ్మకండి. 14.4 వోల్టుల మీద 4 ఓమ్స్ స్పీకర్‌కి కాగితం మీద లెక్కకట్టినా 25 వాట్ల పైచిలుకే వస్తుంది, నిలకడగా ఇచ్చేది 20 దగ్గర. అందుకే ఆంప్లిఫయర్ లేకుండా వాడేవాళ్లు స్పీకర్ కొనేటప్పుడు వాట్లు కాకుండా సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చూడాలి. 87 డెసిబెల్స్ స్పీకర్‌కి 40 వాట్లు ఇస్తే ఎంత మోగుతుందో 90 డెసిబెల్స్‌ది 20 వాట్లకే అంత మోగుతుంది. మీ కొత్త సెట్ పెట్టెమీద ఈ అంకె చూసి చెప్పండి. ఖరీదైన సెట్లు కొన్ని తక్కువ సెన్సిటివిటీవి, వాటికి ఆంప్లిఫయర్ నిజంగానే కావాలి. ఆంప్లిఫయర్ వేస్తే బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరుకి బ్యాటరీకి అడుగున్నర లోపలే ఫ్యూజు ఉండాలి. ఆంప్లిఫయర్‌లో ఫ్యూజు ఉంది కదా అంటారు, అది ఆంప్లిఫయర్‌ని కాపాడుతుంది. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే అంటుకునేది కారు.

ఇంకో మాట, బేస్ కోసం వెనక పార్సిల్ ట్రే మీద 6 ఇంటూ 9 అంగుళాల స్పీకర్లు పెట్టించమని ఎవరైనా చెబితే వినకండి. హ్యాచ్‌బ్యాక్‌లో ఆ ట్రే కొక్కేలకి వేలాడే అట్ట. దానికి పెద్ద అయస్కాంతాలు బిగించి సడన్ బ్రేకు వేస్తే అది వెనక కూర్చున్న పిల్లల తలల మీదికి వస్తుంది.

ఇక బోటు

మీ బాబాయి గారి బోటు ఇనుప బోటా, ఫైబర్ బోటా రాయలేదు. పాపికొండల వైపు తిరిగే పెద్ద లాంచీలు ఎక్కువగా ఇనుపవే కాబట్టి అలాగే అనుకుని చెబుతున్నాను.

కారు స్పీకర్లు ఎందుకు వద్దన్నానంటే, మొదటి కారణం తడి. కాగితం కోన్ గాలిలో తేమకే మెత్తబడుతుంది. గోదావరి మంచినీళ్లే అయినా రోజంతా తుంపర, పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ. కంపెనీ స్పీకర్ అంచున ఉండే గుడ్డ రెండు మూడు సీజన్లలో చీలుతుంది, వెనక ఇనుము తుప్పు పట్టి ఆ పొలుసులు కాయిల్ సందులో పడతాయి. మెరైన్ స్పీకర్‌లో కోన్ పాలీప్రొపిలీన్, అంచు రబ్బరు, ఫ్రేము ఎండకి పెళుసెక్కని ప్లాస్టిక్, స్క్రూలు స్టెయిన్‌లెస్. కనీసం ఐపీ65 (దుమ్మూ, చిమ్మే నీళ్లూ లోపలికి పోవని చెప్పే గుర్తు) అని రాసి ఉన్నవి తీసుకోండి. సముద్రంలోకి వెళ్లే బోటైతే ఉప్పుగాలికి పరీక్షించినట్టు కూడా రాసి ఉండాలి.

రెండో కారణం చాలామందికి తట్టదు. కారులో అద్దాలు ఎత్తితే చిన్న గది, బేస్‌ని ఆ గదే పెంచి ఇస్తుంది. బోటులో మూడు పక్కలా ఖాళీ. అదే స్పీకర్ అదే వాల్యూమ్‌లో సగం కూడా వినపడదు, పైన డీజిల్ ఇంజను మోత కింది సౌండ్లని ఎటూ కప్పేస్తుంది. బోటులో లోతైన బేస్ కోసం డబ్బు పోయడం దండగ. సెన్సిటివిటీ ఎక్కువ ఉన్న స్పీకర్లు నాలుగైదు చోట్ల, మనుషులకి దగ్గరగా, తక్కువ వాల్యూమ్‌లో పెట్టడం మేలు. ఒకే చోట పెద్ద బాక్సులు పెడితే ముందు వరసవాళ్లు చెవులు మూసుకుంటారు, వెనక వాళ్లకి పాట అర్థం కాదు.

స్పీకర్లు ఎక్కువైనప్పుడు కలపడంలో పొరపాటు జరుగుతుంది. 4 ఓమ్స్ స్పీకర్లు నాలుగు ఒకే చానెల్‌కి ప్యారలల్‌గా కలిపితే 1 ఓమ్ అవుతుంది, మామూలు కారు ఆంప్లిఫయర్ కాసేపటికి వేడెక్కి ప్రొటెక్ట్ లైటు వెలిగించి ఆగిపోతుంది. రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతలని ప్యారలల్ చేస్తే మళ్లీ 4 ఓమ్స్.

అన్నిటికన్నా ముఖ్యం: బోటు బాడీని ఎర్త్‌గా వాడొద్దు. కారులో ఆంప్లిఫయర్ మైనస్ వైరుని దగ్గరలో రేకుకి బిగించేస్తాం, అక్కడ అది సరైన పనే. ఇనుప బోటులో అదే చేస్తే కరెంటు బోటు బాడీలోంచి ప్రవహిస్తుంది, నీళ్లలో ఉన్న లోహం తొందరగా తినుకుపోతుంది. బయటికి కనపడదు, బోటు ఒడ్డుకెక్కించి గీకినప్పుడు గుంతలు గుంతలుగా బయటపడుతుంది. ప్లస్సూ మైనస్సూ రెండూ బ్యాటరీ దాకా విడి వైర్లతోనే వెళ్లాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే. వైరు తగరం పూత ఉన్న రాగిది దొరికితే అదే వాడండి, మామూలు రాగి తేమకి లోపల్లోపలే నల్లబడుతుంది. ప్రతి జాయింటు దగ్గరా వైరుని కిందికి ఒక వంపు వదలండి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, సాకెట్‌లోకి ఎక్కదు.

బ్యాటరీ వేరేది పెట్టండి. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ మీద పాటలు వేసి, ఏ శివాలయం రేవు దగ్గరో భోజనాలకి ఆగి, తిరిగి స్టార్ట్ కాకపోతే నది మధ్య టెన్షన్ ఎవరికి? 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ బ్యాటరీలో సగమే వాడాలనుకుంటే 10 ఆంపియర్లు లాగే సెట్టు ఐదు గంటలు నడుస్తుంది. ఒక రోజు ట్రిప్పుకి అది చాలు. బ్యాటరీనీ ఆంప్లిఫయర్‌నీ డీజిల్ ట్యాంకు గదిలో కాకుండా గాలి ఆడే పొడి చోట, నేలకి ఎత్తులో బిగించండి. పెట్రోలు మోటారు బోటైతే ఇంధనం ఉన్న గది ఛాయలకి కూడా ఆంప్లిఫయర్ రాకూడదు.

రంధ్రాలు ఎక్కడ వేయాలంటే, ముందు ఎక్కడ వేయకూడదో చెబుతాను. నీటిమట్టం దగ్గర, గాలి అరలకి, గదుల మధ్య నీళ్లు ఆపే అడ్డుగోడలకి డ్రిల్లు తగలనివ్వకండి. వైరు కోసం వేసిన చిన్న రంధ్రమైనా ఆపదలో నీళ్లకి దారి. రెయిలింగు స్తంభాలకి క్లాంపులతో బిగించే పాడ్ స్పీకర్లు దొరుకుతాయి, పైకప్పు కింద వాటిని వాడితే బోటుకి అసలు రంధ్రమే పడదు. నేను ఇనుప బోట్లకి అవే చెబుతాను. తప్పదనుకుంటే ఇనుములో రంధ్రం వేసిన వెంటనే అంచుకి జింక్ ప్రైమర్ పూసి, స్టెయిన్‌లెస్ బోల్టు కింద నైలాన్ వాషర్ వేయండి. ఆ రెండు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకితే తినుకుపోయేది బోటు ఇనుమే. ఫైబర్ బోటైతే మాస్కింగ్ టేపు అంటించి, హోల్ సాని మొదట వెనక్కి తిప్పి పైపొర దాటించి, తర్వాత ముందుకి తిప్పి కోయండి, పెచ్చులు లేవవు. లోపల చెక్క ఉన్న ఫైబర్ అయితే కోసిన అంచుకి ఎపాక్సీ పట్టించకపోతే నీళ్లు తాగి ఆ చెక్క కుళ్లుతుంది. సిలికాన్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, దానిలోంచి వచ్చే ఆమ్లం లోహాన్ని తింటుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. కారు డోరుకైనా ఇదే మాట.

దిక్సూచి ఉన్న బోటైతే స్పీకర్‌ని దానికి కనీసం మీటరు దూరంలో పెట్టాలి. గోదావరి లాంచీలో దీని అవసరం తక్కువ కానీ, మా హార్బర్‌లో ఒక వేట బోటు క్యాబిన్‌లో డ్రైవరు తలపైన స్పీకర్ బిగించి, సరిగ్గా దాని కిందే దిక్సూచి ఉంచుకున్నారు. స్పీకర్ చేత్తో తీసి పక్కకి జరుపుతుంటే ముల్లు కూడా తిరుగుతూ వచ్చింది. బిగించే ముందు స్పీకర్‌ని చేత్తో పట్టుకుని, అనుకున్న చోటికి మెల్లగా తెచ్చి ముల్లు కదులుతోందా చూస్తే చాలు.

బరువు సంగతి. పై డెక్కు మీద డీజే బాక్సులు పెట్టించాలని టూరిస్టులు అడుగుతారు. 12 అంగుళాల బాక్సుల జత, స్టాండ్లు, ఆంప్లిఫయర్ కలిస్తే ఒక మనిషి బరువు, అదీ ఎత్తులో. దాని చుట్టూ డాన్సు కోసం జనం ఒక పక్కకి చేరడం ఇంకా పెద్ద బరువు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిన ప్రమాదం తర్వాత గోదావరి మీద బోటు నడిపేవాళ్లకి ఈ విషయంలో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ బాబాయి గారికి నాకన్నా బాగా తెలుసు. స్పీకర్లు కింది డెక్కులో, రెండు పక్కలా సమానంగా, వెల్డింగు చేసిన బ్రాకెట్లకి బోల్టులతో. బోటుకి సర్వే చేసే అధికారికి చెప్పకుండా వెల్డింగు, డ్రిల్లింగు మాత్రం వద్దు.

ఆ ఆంప్లిఫయర్‌కి ముందు ఒక చిన్న మైకు మిక్సర్ పెట్టించండి, మైకు ఆన్ చేయగానే పాట దానంతటదే తగ్గేది. లైఫ్ జాకెట్లు వేసుకోండి అనే మాట ఇంజను మోతలో పాట మధ్య ఎవరికీ వినపడదు. అనౌన్స్‌మెంట్‌కి వేరే హారన్ ఒకటి ఉంటే ఇంకా మంచిది. గుడి మైకుల్లో వాడే రకమే, బేస్ ఉండదు కానీ మాట చివరి వరస దాకా వెళుతుంది. పాపికొండల దగ్గర ఒడ్డు జాతీయ ఉద్యానవనం, నది ఇరుకై కొండలు సౌండుని తిప్పికొడతాయి, అక్కడ వాల్యూమ్ తగ్గించుకోవాలి. రాత్రి బస ఉన్న ట్రిప్పుల్లో 10 గంటల తర్వాత ఉదయం 6 దాకా బయటికి లౌడ్‌స్పీకర్ వేయడం 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారమే కుదరదు.

పాత కంపెనీ స్పీకర్లు పారేయకండి. కారు అమ్మేటప్పుడు అవే తిరిగి బిగించి, కొత్తవి తీసేసుకోవచ్చు. డోర్ ప్యాడ్ విప్పినప్పుడు స్పీకర్ చుట్టూ ఉన్న సందు కనిపించేలా ఒక ఫోటో, అద్దం దించి లోపల ఒక ఫోటో తీసి పెట్టండి, స్పేసర్ ఎంత మందం వేయాలో చూసి చెబుతాను.